ఇంట్లో నెట్ రావట్లేదా? తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

నెట్ ఆగిపోగానే చాలా ఇళ్లలో ఒకేసారి మూడు పనులు జరుగుతాయి. ఒకరు రూటర్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తారు. ఇంకొకరు ఫోన్‌లో వైఫై తీసి పెడతారు. మూడో మనిషి పెట్టె వెనకున్న చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చుతాడు. కాసేపటికి నెట్ వచ్చినా ఏది చేస్తే వచ్చిందో తెలియదు. రాకపోతే అసలు సమస్యకు ఇంకోటి తోడవుతుంది.

బాగుచేయడం కన్నా ముందు చేయాల్సింది వెతకడం. నెట్ మీ తెర దాకా రావాలంటే ఐదు చోట్లు దాటాలి: వీధి స్తంభం మీద నుంచి ఇంట్లోకి దిగిన ఫైబర్ తీగ, గోడకు తగిలించిన పెట్టె, ఆ పెట్టె పంచే వైఫై, మీ కంప్యూటర్ లేదా ఫోన్, చివరికి మీరు తెరుస్తున్న సైటో యాపో. ఎక్కడ తెగిందో తేలితే మిగతా నాలుగింటినీ ముట్టుకోనక్కర్లేదు. కింద రాసిందంతా దాదాపు ఆ వరసలోనే ఉంటుంది. కంప్యూటర్ భాగంలో విండోస్‌నే తీసుకున్నాను, మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది అదే కాబట్టి.

మొదటి మెట్టు: ఎవరికి రావట్లేదు?

పెట్టె దగ్గరికి వెళ్లకముందే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇంట్లో అందరికీ ఆగిందా, ఒక్కరికేనా? అన్ని సైట్లూ ఆగాయా, ఒక్కటేనా?

ఫోన్‌తో పరీక్షించేటప్పుడు మొబైల్ డేటా తప్పకుండా ఆపేయండి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. వైఫైలో నెట్ లేదని పసిగట్టగానే చాలా ఫోన్లు చడీచప్పుడూ లేకుండా సిమ్ డేటాకు మారిపోతాయి. "నా ఫోన్‌లో వస్తోందిగా, నీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో అయింది" అనే గొడవ అక్కడి నుంచే మొదలవుతుంది.

అందరికీ ఆగిపోతే రెండో మెట్టుకు వెళ్లండి. ఒక్క కంప్యూటర్‌లోనే రాకపోతే పెట్టె జోలికి పోకుండా నేరుగా ఐదో మెట్టు చూడండి. ఒక్క సైటే తెరుచుకోకపోతే చాలాసార్లు మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన గంటలోనో, ఉదయం 10 గంటలకు తత్కాల్ టికెట్లు తెరిచిన నిమిషంలోనో సైటు తిరుగుతూనే ఉంటే అది మీ రూటర్ తప్పు కాదు. అయినా అనుమానం తీరాలంటే అదే సైటును సిమ్ డేటా మీద తెరిచి చూడండి. అక్కడా రాకపోతే కాఫీ పెట్టుకోండి. సిమ్ డేటా మీద వచ్చి, వైఫై మీద రాకపోతే మాత్రం బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి చూడండి. అందులో వస్తే, చాలాసార్లు పాత కుకీలు (సైట్లు మీ బ్రౌజర్‌లో దాచుకునే చిన్న ఫైళ్లు) అడ్డుపడుతున్నాయని అర్థం. ఆ ఒక్క సైటు కుకీలు తుడిస్తే సరిపోతుంది.

రెండో మెట్టు: పెట్టె మీది లైట్లు చదవండి

ఇప్పుడు ఇళ్లకు వస్తున్న బ్రాడ్‌బ్యాండ్‌లో ఎక్కువ భాగం ఫైబరే. గోడకున్న ఆ పెట్టెను కంపెనీవాళ్లు ఓఎన్‌టీ అంటారు, ఇంట్లో అందరూ రూటర్ అనో మోడెమ్ అనో అంటారు. ఏ పేరుతో పిలిచినా, వీధిలోంచి కాంతి రూపంలో వచ్చే సమాచారాన్ని మీ పరికరాలకు అర్థమయ్యేలా మార్చేది అదే. దాని మీది లైట్లను చదవడం వస్తే కస్టమర్ కేర్‌తో సగం సంభాషణ తప్పుతుంది.

ముందు పవర్ లైటు. అది కూడా వెలగకపోతే అడాప్టర్‌నో ప్లగ్ పాయింట్‌నో అనుమానించండి. అదే పాయింట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూస్తే ఏదో తేలిపోతుంది. ఈ పెట్టెల్లో చాలావాటికి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. అది పాడైతే ఇంట్లో ఉన్న ఏదో ఒక పాత అడాప్టర్ తగిలించకండి. వోల్టేజ్ సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. రెండూ అడాప్టర్ వీపు మీద అచ్చు వేసి ఉంటాయి.

తర్వాత ఎల్‌ఓఎస్ అనే లైటు. మామూలుగా ఇది ఆరిపోయి ఉండాలి. ఎర్రగా మిణుకుమంటోందంటే బయటి నుంచి కాంతి పెట్టె దాకా చేరడం లేదు. ఇలాంటప్పుడు వైఫై పాస్‌వర్డ్ మార్చినా, విండోస్ మళ్లీ వేసినా ఉపయోగం లేదు. పెట్టెను పది సార్లు ఆపి వేసినా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. మీరు చూడగలిగింది ఒకటే: ఇంటి లోపలి ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందా, బీరువా వెనక నలిగిందా, తలుపు సందులో చిక్కిందా, ఎలుక కొరికిందా అని. ఆ తీగ లోపల ఉండేది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం ఉన్న గాజు పోగు. తెగకపోయినా, మరీ చిన్న చుట్టగా చుడితే చాలు, కాంతి వంపు దగ్గర బయటికి జారిపోతుంది. టీ గ్లాసు మూతి కన్నా చిన్న చుట్ట కనిపిస్తే విప్పి వదులుగా పెట్టండి.

తీగ చివర సాధారణంగా ఆకుపచ్చ రంగులో ఉండే కనెక్టర్‌ను మాత్రం ఊరికే పీకకండి. దాని మొనకు వేలిముద్ర అంటినా సిగ్నల్ తగ్గుతుంది. పీకినా కంటికి ఎదురుగా పెట్టి చూడకండి. అందులో వచ్చే లేజర్ కాంతి మన కంటికి కనిపించదు, కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు.

తీగ ఇంట్లో బాగానే ఉంటే తప్పు వీధిలో ఉంది. ఎత్తుగా సరుకు వేసుకున్న లారీ, కొమ్మలు నరికే మనుషులు, వినాయకుడి ఊరేగింపు, కోతులు, ఇలా ఏదైనా కావచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్రలో కరెంటు షాక్‌తో ప్రాణాలు పోయాక, విద్యుత్ స్తంభాల మీద వేలాడే కేబుళ్లను సిబ్బంది కత్తిరించినప్పుడు నగరంలో చాలా ఇళ్లలో ఇదే ఎర్ర లైటు వెలిగింది. కింద ఇంటి వాళ్లను, పక్క ఫ్లాట్ వాళ్లను అడగండి. వాళ్లకూ లేకపోతే మీరు వెతకడం మానేసి ఫిర్యాదు చేయొచ్చు.

మూడోది పాన్ లైటు. కదలకుండా పచ్చగా ఉంటే కంపెనీ యంత్రంతో మీ పెట్టె మాట కలిసినట్టు. పచ్చగానే ఉన్నా మిణుకుమంటూ ఉంటే ఇంకా కలవలేదు. కరెంటు వచ్చిన కొత్తలో రెండు మూడు నిమిషాలు ఇలా ఉండటం మామూలే. అరగంటైనా అలాగే ఉంటే ఫోన్ చేయాలి.

పాన్ స్థిరంగా ఉండి, ఇంటర్నెట్ అని రాసిన లైటు మాత్రం ఆరిపోయినా, ఎర్రగా ఉన్నా చూడాల్సినవి వేరు. ప్లాన్ గడువు అయిపోయిందా? బిల్లు కట్టడం మరిచారా? పెట్టెలోని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎగిరిపోయాయా? చివరిది ఊరికే జరగదు, ఎవరో రీసెట్ నొక్కితేనే జరుగుతుంది. ఆ సంగతి తర్వాతి మెట్టులో.

నెట్ పూర్తిగా ఆగకుండా వస్తూ పోతూ ఉంటే ఇంకొక అంకె చూడొచ్చు. పెట్టె లోపలి పేజీలో (పెట్టె చిరునామాను బ్రౌజర్‌లో కొడితే తెరుచుకునే సెట్టింగుల పేజీ) ఆప్టికల్ ఇన్ఫర్మేషన్ కింద ఆర్‌ఎక్స్ పవర్ అని ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటి కిందికి పోతే పెట్టె అంచున నిలబడి ఉన్నట్టే, వాన పడితే పోతుంది, ఎండ కాస్తే వస్తుంది. ఎక్కడో అతుకు సరిగా లేదు. "సార్, లైన్ బానే ఉంది" అని చెప్పే టెక్నీషియన్‌కు ఈ అంకె చెప్పండి, మాట మారుతుంది.

మూడో మెట్టు: రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు

రీస్టార్ట్ అంటే ఆపి వేయడం. ఇది ఎన్నిసార్లయినా చేయొచ్చు, నష్టం లేదు. పెట్టె స్విచ్ ఆపి, కనీసం అర నిమిషం ఆగి వేయండి. వేశాక నాలుగు నిమిషాలు దాన్ని దాని మానాన వదిలేయండి. చాలామంది నిమిషం కాకముందే మళ్లీ ఆపేస్తారు, పెట్టె లేవనే లేదు, మళ్లీ పడుకోబెట్టినట్టు అవుతుంది. ఫైబర్ పెట్టె, వైఫై రూటర్ విడివిడిగా ఉంటే ముందు ఫైబర్ పెట్టె వేసి, దాని లైట్లు నిలకడగా వెలిగాక రూటర్ వేయండి.

రీసెట్ అంటే పిన్నీసు రంధ్రం. దాన్ని పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే పెట్టె ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి వెళ్లిపోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ పోతాయి. చాలా పెట్టెల్లో మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ సంఖ్య (కంపెనీ నెట్‌వర్క్‌లో మీ కనెక్షన్ వెళ్లే దారికి ఇచ్చిన అంకె) కూడా పోతాయి. వాటిని మళ్లీ పెట్టడానికి కంపెనీ మనిషి రావాల్సిందే, ఆదివారమైతే సోమవారం దాకా ఆగాల్సిందే. కొన్ని పెద్ద కంపెనీల పెట్టెలు రీసెట్ తర్వాత వాటంతట అవే సెట్టింగులు తెచ్చుకుంటాయి. ఊళ్లో కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన కనెక్షన్లలో ఆ నమ్మకం పెట్టుకోవద్దు. కనెక్షన్ పెట్టించుకున్న రోజే ఆ వివరాలు అడిగి రాసుకోండి, పెట్టె అడుగున అంటించిన స్టిక్కర్‌ను ఫోటో తీసి ఉంచుకోండి. నా ఉద్దేశంలో ఆ రంధ్రం మీద చిన్న టేపు ముక్క అంటించడం ఇంట్లో అందరికీ క్షేమం.

కరెంటు తరచూ పోయే చోట మరో చిక్కు ఉంది. ఇన్వర్టర్ ఉన్నా, అది అందుకునే ఆ అరక్షణంలో పెట్టె ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది, మీటింగ్‌లో ఉన్నవాళ్లు నాలుగు నిమిషాలు మాయమవుతారు. దీనికి రూటర్ కోసమే అమ్మే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే చాలు. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఖరీదైన ప్లాన్ కన్నా ఇది ఎక్కువ పనికొస్తుంది.

నాలుగో మెట్టు: లైన్ తప్పా, వైఫై తప్పా?

"నెట్ స్లో" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి లైన్‌తో సంబంధం ఉండదు. ఇది తేల్చడానికి ల్యాన్ కేబుల్‌ను మించింది లేదు. ల్యాప్‌టాప్‌ను పెట్టె దగ్గరికి తీసుకెళ్లి, కేబుల్ తగిలించి, వైఫై ఆపి, స్పీడ్ టెస్ట్ చేయండి. మిగతా ఫోన్లలో, టీవీలో ఏదీ డౌన్‌లోడ్ కాకుండా చూసుకోండి. కేబుల్ మీద ప్లాన్‌కు దగ్గరగా వేగం వస్తే లైన్ బాగుంది, గొడవ వైఫైది. కేబుల్ మీదా రాకపోతే కంపెనీకి ఫోన్ చేయండి.

ఇక్కడ లెక్క ఒకటి తెలియాలి. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ కిటికీలో కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైలు సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే మీకు రావాల్సింది పూర్తిగా వస్తోంది. "వంద అని చెప్పి పన్నెండు ఇస్తున్నారు" అని కొట్లాటకు దిగకండి.

200 లేదా 300 ప్లాన్ తీసుకున్నా కేబుల్ మీద 95 దగ్గరే ఆగిపోతోందంటే కేబుల్‌నే అనుమానించండి. ల్యాన్ కేబుల్ లోపల ఎనిమిది పోగులుంటాయి. 100 దాటి వెళ్లాలంటే ఎనిమిదీ కలిసి ఉండాలి. ఒకటి తెగినా, మూతి సరిగా బిగించకపోయినా నాలుగు పోగుల మీద 100 దగ్గర కుంటుతుంది. పాత పెట్టెల్లో పోర్టే 100కు మించదు, అప్పుడు పెద్ద ప్లాన్‌కు కట్టే డబ్బు వృథా.

నెలంతా బాగుండి నెలాఖరులో మాత్రం నెమ్మదిస్తే డేటా పరిమితి దాటి ఉంటారు. అన్‌లిమిటెడ్ అని అమ్మిన ప్లాన్లలోనూ చాలావాటికి ఒక హద్దు దాటాక వేగం తగ్గించే షరతు ఉంటుంది, కంపెనీ యాప్‌లో చూస్తే ఎంత వాడారో తెలుస్తుంది. రాత్రి తొమ్మిది, పది మధ్యలోనే నెమ్మదిస్తే మీ ఏరియాలో అందరూ ఒకేసారి వాడటం కారణం కావచ్చు. దానికి మీ ఇంట్లో మందు లేదు.

అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్‌లో మాట కాస్త ఆలస్యంగా వినిపిస్తే ప్లాన్ పెంచి ప్రయోజనం లేదు. హైదరాబాద్ నుంచి అక్కడికి సంకేతం వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే, దూరం అంత. బొమ్మ ముక్కలు ముక్కలవుతుంటే మాత్రం అది దూరం వల్ల కాదు, చాలాసార్లు మీ వైఫై వల్లే. ఒక గది ముందుకు జరిగి చూడండి.

గొడవ వైఫైదని తేలితే మొదట పెట్టె ఉన్న చోటు చూడండి. తీగ ఎక్కడ దిగితే అక్కడే మేకు కొట్టి తగిలించి పోతారు. సాధారణంగా అది గుమ్మం పక్కనో, టీవీ వెనకో, మీటర్ బోర్డు పైనో ఉంటుంది. వైఫై నాలుగు వైపులకూ వెళ్తుంది కాబట్టి ఇంటి మధ్యలో, మనిషి తల ఎత్తులో, అడ్డు లేకుండా ఉంటే మేలు. ఇటుక గోడ కొంత మింగుతుంది. ఇనుప బీరువా, పెద్ద అద్దం, ఫ్రిజ్, చేపల తొట్టి ఇంకా ఎక్కువ మింగుతాయి. శ్లాబు దాటి పై అంతస్తుకు బలంగా వెళ్తుందని ఆశపడకండి.

చాలా పెట్టెల్లో రెండు రకాల వైఫై ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, ఒక గోడ, మహా అయితే రెండు గోడలు. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే ఫోను తనకు తోచింది ఎంచుకుంటుంది, ఆ ఎంపిక ఎప్పుడూ తెలివైనది కాదు. వేర్వేరు పేర్లు పెట్టుకుంటే హాల్లో టీవీని 5 మీద, దూరపు గదిలో ఫోన్‌ను 2.4 మీద మీరే పెట్టుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్‌లకు, చాలా ప్రింటర్లకు, సీసీ కెమెరాలకు 5 కనిపించనే కనిపించదు. అది జబ్బేమీ కాదు, వాటి పుట్టుకే అంత.

అపార్ట్‌మెంట్లలో 2.4 మీద తొక్కిసలాట ఎక్కువ. ఇరవై ఫ్లాట్ల పెట్టెలు ఒకే గాలిలో అరుస్తుంటాయి. ఈ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. పెట్టె పేజీలో ఛానల్‌ను ఆటో నుంచి తీసి ఈ మూడింటిలో ఒక్కోటి పెట్టి చూడండి. మైక్రోవేవ్ ఒవెన్ తిరుగుతున్నంతసేపే వైఫై పోతోందంటే అదీ ఇక్కడి సంగతే, రెండూ ఒకే తరంగాల దగ్గర పనిచేస్తాయి.

రెండో అంతస్తుకు, వెనక గదికి వైఫై కావాలంటే షాపులో ముందు చూపించేది రిపీటర్. చవక, గోడకు గుచ్చితే చాలు, కానీ అందులో చాలావాటిలో వేగం సగానికి పడిపోతుంది, ఎందుకంటే అందుకోవడానికి, పంపడానికి అదే గాలి వాడుకుంటుంది. నేనైతే ఒక ల్యాన్ కేబుల్ పైకి లాగించి, అక్కడ పాత రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేదిగా, పెట్టమంటాను. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ప్రతి గదికీ కరెంటు పైపుతో పాటు ల్యాన్ కోసం విడిగా ఇంకో పైపు వేయించుకోండి. ప్లాస్టరింగ్ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు.

ఐదో మెట్టు: ఒక్క కంప్యూటర్‌లోనే రాకపోతే

ముందు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి వేయడం రీస్టార్ట్‌తో సమానం అనుకుంటారు, విండోస్‌లో అలా కాదు. త్వరగా తెరుచుకోవడం కోసం ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి స్థితిలో కొంత డిస్కులో దాచి, మళ్లీ అదే తీసి వాడుకుంటుంది. ఉన్న చిక్కూ దాంతోపాటే తిరిగి వస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది.

అది సరిపోకపోతే ఫ్లైట్ మోడ్ ఆన్‌లో ఉందేమో, వీపీఎన్ (మీ నెట్‌ను వేరే సర్వర్ గుండా మళ్లించే ఏర్పాటు) ఏదైనా నడుస్తోందేమో చూడండి. ఆఫీసు వీపీఎన్ మధ్యలో తెగి, నెట్ మొత్తం ఆపేయడం తరచూ జరిగేదే. తర్వాత ఆ వైఫై పేరును 'ఫర్‌గెట్' చేసి, పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ కలపండి.

అప్పటికీ రాకపోతే కాస్త లోతుకు వెళ్దాం. భయపడాల్సిందేమీ లేదు, ఈ ఆదేశాలు చూసి చెబుతాయి తప్ప దేన్నీ మార్చవు. స్టార్ట్ నొక్కి, సీఎండీ (cmd) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని, అదీ ఇంగ్లిష్‌లో, విడదీయకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రస్ ఎదురుగా 192.168తో మొదలయ్యే సంఖ్య ఉంటే సాధారణంగా బాగున్నట్టు. 169.254తో మొదలైతే పెట్టె మీ కంప్యూటర్‌కు చిరునామా ఇవ్వలేదు, కంప్యూటరే తనకు తోచింది పెట్టుకుంది. పెట్టెను ఒకసారి రీస్టార్ట్ చేస్తే ఇది చాలాసార్లు కుదురుతుంది.

చిరునామా బాగుంటే, అక్కడే డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్న సంఖ్యను చూసి, పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి ఆ సంఖ్య కొట్టండి. అదే మీ పెట్టె. జవాబు వస్తే పెట్టె దాకా దారి బాగుంది. ఇప్పుడు అలాగే 8.8.8.8కు పింగ్ చేయండి. దానికీ జవాబు వస్తే ఇంటి బయటికీ దారి బాగుంది. ఇంత బాగుండీ బ్రౌజర్‌లో సైట్లు తెరుచుకోవట్లేదంటే తప్పు డీఎన్‌ఎస్‌లో ఉందనుకోవచ్చు. సైటు పేరును సంఖ్యగా మార్చి చెప్పే ఏర్పాటు అది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్, డీఎన్‌ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ దగ్గర ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి, మొదటి గడిలో 8.8.8.8, రెండో గడిలో 1.1.1.1 పెట్టండి. మొదటిది గూగుల్ నడిపేది, రెండోది క్లౌడ్‌ఫ్లేర్ నడిపేది. రెండూ ఉచితం.

ఇవేవీ కాకుండా, ఏ సైటు తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అనే హెచ్చరిక వస్తుంటే గడియారం చూడండి. తేదీ ఏ 2015లోనో ఉంటే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటుంది. తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకుంటాయి. స్విచ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. డెస్క్‌టాప్‌లలో అది సాధారణంగా సీఆర్ 2032 రకం, గడియారాల కొట్లోనే దొరుకుతుంది.

చివరి అస్త్రం నెట్‌వర్క్ రీసెట్. అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు, వీపీఎన్ సెట్టింగులు పోతాయి కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ వాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు.

ఆరో మెట్టు: నెట్ బాగుంది, కంప్యూటరే కదలట్లేదు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ, మెమొరీ, డిస్క్ అని మూడు వరసలుంటాయి. వాటిలో ఏది 90 శాతం దాటి అక్కడే ఉండిపోతోందో చూడండి. దాని తల మీద నొక్కితే ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది.

డిస్క్ ఎప్పుడూ 100 శాతం చూపిస్తుంటే, లోపల ఉన్నది తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే, ఏ క్లీనర్ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) వేయించండి. పాత ల్యాప్‌టాప్ మీద పెట్టే డబ్బులో ఇంతగా ఫలితం ఇచ్చే ఖర్చు ఇంకోటి లేదు. మెమొరీ నిండిపోతోందంటే, 4 జీబీ ర్యామ్ ఉంటే 8 చేయించండి. అప్పటిదాకా బ్రౌజర్‌లో ముప్ఫై ట్యాబులు తెరిచి ఉంచకండి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అని ఉంటుంది, కంప్యూటర్ తెరవగానే తమంతట తామే లేచి కూర్చునేవన్నీ అందులో ఉంటాయి. తెలిసిన వాటిలో అక్కర్లేనివి డిజేబుల్ చేయండి, పేరు తెలియనిదాన్ని వదిలేయండి.

సీ డ్రైవ్ నిండిపోతే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. ఇక్కడొక హెచ్చరిక: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్ కూడా ఉంటుంది. దానికి టిక్ పెడితే మీరు దించుకున్న హాల్ టికెట్లు, పహాణీలు, ఫోటోలు అన్నీ పోతాయి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించారు. టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేని పాత యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా రాదు. అలాంటి దాన్లో బ్యాంకు పనులు మానేసి, పాటలకూ టైపింగ్‌కూ వాడుకోవడం ఒక దారి.

చిన్న చిన్నవి కొన్ని. ఉన్నట్టుండి ఇంగ్లిష్ బదులు తెలుగు అక్షరాలు పడుతుంటే విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కండి. పాస్‌వర్డ్ సరైనదే అయినా తీసుకోకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంటే అది, కంప్యూటర్ రెండూ మీ ఇంటి వైఫైనే పట్టుకున్నాయా చూడండి. క్యూలో ఇరుక్కున్న పాత పేజీలు తీసేస్తే మిగతావి కదులుతాయి. ధ్వని రాకపోతే స్పీకర్ గుర్తు మీద నొక్కి, అది టీవీకో బ్లూటూత్‌కో వెళ్తోందేమో చూడండి.

సాయం అడిగేటప్పుడు

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకకండి. వెతికితే పైన కనిపించే నంబర్లలో మోసగాళ్లు పెట్టినవి ఉంటాయి. మీ బిల్లు మీదో, కంపెనీ యాప్‌లోనో ఉన్న నంబరే వాడండి. ఎవరైనా ఫోన్ చేసి స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా, పది రూపాయలు కట్టి ఫిర్యాదు నమోదు చేసుకోమన్నా పెట్టేయండి. 'ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు ఆపేస్తాం' అనేదీ మోసమే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అలా ఎవరికీ ఫోన్ చేయదు. తెర నిండా వైరస్ అని సైరన్ మోగుతూ నంబరు కనిపిస్తే అది ఒక వెబ్ పేజీ మాత్రమే, ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి మూసేయండి. డబ్బు పోయినట్టు తెలిస్తే క్షణం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు మోసగాడి చేతికి అందకుండా ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు దూరం నుంచి సాయం చేసేవాళ్లు, "నాన్నా, లైట్లు ఎలా ఉన్నాయి?" అని మాటల్లో అడిగేకంటే, సిమ్ డేటా మీద వాట్సాప్ వీడియో కాల్ పెట్టించి పెట్టెను చూపించమనండి. ఏ తీగ ఎక్కడ పెట్టాలో, రూటర్ స్విచ్ ఏదో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించి వస్తే ఇంకా మంచిది.

కంపెనీకి చెప్పేటప్పుడు 'నెట్ రావట్లేదు' అనే ఒక్క మాటతో సరిపెట్టకండి. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందా, పాన్ మిణుకుమంటోందా, కేబుల్ మీద ఎంత వేగం వచ్చింది, ఎన్ని గంటల నుంచి, పక్కింట్లో ఉందా లేదా, ఇవి చెప్పండి. ముందుగా ఫోన్ ఎత్తే మనిషి చెప్పే రీస్టార్ట్ చేయడం, కుకీలు తుడవడం అన్నీ చేసేశామని చెప్పొచ్చు. ఫిర్యాదుకు డాకెట్ నంబరు ఇవ్వాలనేది ట్రాయ్ నిబంధన, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. గడువులోగా బాగుచేయకపోతే అదే నంబరుతో ఆ కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును తాను విచారించదు కాబట్టి నేరుగా అక్కడికి రాయడం కన్నా ఈ దారే పట్టండి.